నలభయ్యో ఏట మళ్లీ మొదలు: డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా జీవితం

కడప నుంచి తిరుపతి వైపు వెళ్లే దారిలో ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట వరుసగా వస్తాయి. ఈ ఊళ్లలోనూ, అటు రాయచోటి వైపు పల్లెల్లోనూ కువైట్ అన్న మాట వినబడని వీధి అరుదు. వానలు పడక, బోర్లు ఎండి, అప్పులు పెరిగినప్పుడు కొందరు బెంగళూరుకు, కొందరు చెన్నైకి, ఇంకొందరు పాస్‌పోర్టు చేయించుకుని గల్ఫ్ దేశాలకు బయలుదేరుతారు. మన ముస్లిం కుటుంబాలూ ఇందుకు మినహాయింపు కాదు. వెళ్లేముందు ఇంట్లో జరిగే మాటలన్నీ దాదాపు ఖర్చు గురించే. వీసాకు ఎంత, ఏజెంటుకు ఎంత, నెలకు ఎంత పంపగలడు? ఇక్కడ సంపాదించుకున్న పేరు, చదువు, హోదా అక్కడ చెల్లకపోతే ఆ మనిషి దేన్ని పట్టుకుని నిలబడతాడు అన్న ప్రశ్న మాత్రం చాలా తక్కువగా వస్తుంది. ఆ ప్రశ్నను తన జీవితమంతా ఎదుర్కొన్న ఒక మహా విద్వాంసుణ్ణి ఈ నెల పాఠకులకు పరిచయం చేయాలనుకున్నాము. ఆయన ఎక్కడివారో కాదు, హైదరాబాదు వారు. పేరు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (రహ్మలై).

హమీదుల్లా గారు 1908 ఫిబ్రవరి 19న హైదరాబాదులో జన్మించారు. ముగ్గురు అన్నదమ్ములు, అయిదుగురు అక్కచెల్లెళ్లలో ఆయనే అందరికంటే చిన్నవారు. వారిది తరతరాలుగా ధార్మిక విద్యకు పేరుపొందిన నవాయతు వంశం. తాతగారు ఖాజీ సిబ్గతుల్లా మద్రాసులో ప్రధాన ఖాజీగా ఉన్నవారు, గ్రంథకర్త కూడా. అంటే ఆ కుటుంబానికి మద్రాసు ఒకప్పటి ఇల్లు, హైదరాబాదు తర్వాతి ఇల్లు. ఇక్కడ మన ప్రాంతపు పాఠకులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కడప, కర్నూలు సీమను నిజాం 1800లోనే ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కాబట్టి ఆ కాలంలో ఒంటిమిట్ట వారికి మద్రాసు సొంత రాష్ట్రం, హైదరాబాదు పరాయి రాష్ట్రం. ఈనాడు మనం స్థిరమనుకుంటున్న సరిహద్దులు మన తాతల కాలంలో ఇలా లేవు.

ఆయన జామియా నిజామియాలో ధార్మిక విద్య, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ., న్యాయశాస్త్రం చదివారు. తర్వాత ఐరోపా వెళ్లి, జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం నుంచీ, పారిస్‌లోని సోర్బాన్ నుంచీ 1930లలో రెండు డాక్టరేట్లు పొందారు. రెండింటి విషయం దాదాపు ఒకటే: ఇస్లాం దృష్టిలో రాజ్యాల మధ్య సంబంధాలు. యుద్ధం, సంధి, రాయబారం, తటస్థంగా ఉండేవారి హక్కులు మొదలైన అంశాలను దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కాలపు పత్రాల ఆధారంగా పరిశీలించారు. తిరిగివచ్చి ఉస్మానియాలో పదేళ్లకు పైగా అధ్యాపకులుగా పనిచేశారు. ప్రవక్త (సఅసం), ఖలీఫాల కాలం నాటి ఉత్తరాలు, ఒప్పందాలు సేకరించి అరబీలో ఆయన కూర్చిన సంకలనం 1941లో కైరోలో అచ్చయింది.

ఆ రోజుల్లో ఆయన మనసంతా నిండి ఉన్న పత్రం ఒకటుంది. అది మదీనా ఒప్పందం. ప్రవక్త (సఅసం) మక్కా వదిలి మదీనా చేరిన తొలి రోజుల్లో అక్కడి తెగలన్నిటితో కుదుర్చుకున్న రాతపూర్వక నియమావళి అది. హమీదుల్లా గారు దాన్ని 52 నిబంధనలుగా విడదీసి వివరించారు. ఒక రాజ్యపాలకుడు ప్రకటించిన లిఖిత రాజ్యాంగాల్లో ప్రపంచంలోనే మొదటిది ఇదేనని ఆయన వాదించారు. ఈ వాదంతో ఏకీభవించని చరిత్రకారులు ఉన్నారు. అయినా మా దృష్టిలో ఆయన కృషికి అసలు విలువ ఆ బిరుదులో లేదు, ఆ పత్రంలో వలసవచ్చినవారి స్థానాన్ని ఆయన చూపిన తీరులో ఉంది.

ఆనాటి అరేబియాలో తెగ లేని మనిషికి దిక్కు లేదు. హత్యా పరిహారం కట్టాల్సి వచ్చినా, శత్రువుల చేతికి బందీగా చిక్కినా విడిపించే సొమ్ము తెగవారంతా కలిసి వేసుకోవాలి. మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లు తమ తెగను వెనుక వదిలి వచ్చారు. వాళ్లకు ఎవరున్నారు? ఒప్పందం వాళ్లందరినీ కలిపి ఒక తెగగా లెక్కించింది. పరిహారాలు, విడుదల సొమ్ము వారు ఉమ్మడిగా భరించాలని నిర్ణయించింది. దీనిని హమీదుల్లా గారు ఇస్లామీయ సామాజిక బీమాకు తొలి రూపంగా చూపించారు. కువైట్‌లోనో, దుబాయిలోనో మన ప్రాంతపు మనిషి చనిపోతే తోటి కూలీలు చందాలు వేసుకుని మృతదేహాన్ని ఊరికి పంపుతున్న సంగతి మనం వింటూనే ఉంటాం. అక్కడ ఎవరూ లేనివాడికి ఎవరో ఒకరు ఉండాలన్న ఏర్పాటుకు మూలం అంత పాతది.

ఈ పత్రాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషే వలసవాడు కావలసి వచ్చింది.

1947లో బ్రిటిష్ వారు వెళ్లిపోయాక హైదరాబాదు సంస్థానం భారతదేశంలో చేరకుండా విడిగా ఉండిపోయింది. ఆ వివాదంలోని వాదప్రతివాదాలు, దానికి ముందూ వెనుకా సామాన్య ప్రజలు పడిన బాధలు వేరొక పెద్ద విషయం. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. దాన్ని వినిపించడానికి నవాబ్ మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో ఒక బృందం బయలుదేరింది. అంతర్జాతీయ న్యాయశాస్త్రం తెలిసిన వ్యక్తిగా హమీదుల్లా గారు అందులో ఉన్నారు. మండలి సమావేశం పారిస్‌లో సెప్టెంబర్ 16న జరిగింది. అప్పటికే, 13వ తేదీన, భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. కొద్ది రోజుల్లోనే ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్టు నిజాం నుంచి తంతి వెళ్లింది. బృందం ఏ రాజ్యం తరఫున వచ్చిందో ఆ రాజ్యమే లేకుండా పోయింది.

హమీదుల్లా గారికి అప్పుడు నలభై ఏళ్లు. ఉస్మానియాలో ఉద్యోగం, అయినవాళ్లందరూ ఇక్కడే. ఆయన ముందు దారులు లేకపోలేదు. తిరిగి రావచ్చు. లక్షలాది ముస్లింలు ఇక్కడే ఉండి కొత్త పరిస్థితుల్లో తమ జీవితాలు మళ్లీ కట్టుకున్నారు. వారి ధైర్యం తక్కువదని ఎవరూ అనలేరు. పాకిస్తాన్‌లో స్థిరపడవచ్చు. కొత్త రాజ్యాంగ రచనలో ఇస్లామీయ అంశాలపై సలహా ఇచ్చే విద్వాంసుల మండలికి అక్కడివారు ఆయన్ను ఆహ్వానించారు కూడా. ఆయన వెళ్లి కొంతకాలం ఆ పని చేశారు, కానీ అక్కడ స్థిరపడలేదు. పారిస్‌కే తిరిగివెళ్లారు. ఫ్రాన్సులో దాదాపు అర్ధశతాబ్దం ఉండి కూడా ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. శరణార్థులకు ఇచ్చే ప్రయాణ పత్రంతోనే దేశదేశాలు తిరిగారు. తాను హైదరాబాదు పౌరుణ్ణేనని, ఆ పౌరసత్వాన్ని మరొకదానితో మార్చుకోనని ఆయన పట్టుదల.

ఈ పట్టుదల అందరికీ ఆదర్శమని మేము చెప్పబోము. పిల్లాపాపలతో పరాయిచోట బతికేవాడు కాగితాలు సరిగా ఉంచుకోవాలి, ఆ దేశపు చట్టాన్ని గౌరవించాలి. అది ఇస్లాం నేర్పే బాధ్యత కూడా. హమీదుల్లా గారికి భార్యాబిడ్డలు లేరు, ఆయన పెళ్లి చేసుకోలేదు. వివాహం ప్రవక్త (సఅసం) సున్నత్ అన్నది మన ఇళ్లలో అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ఈ విషయంలోనూ ఆయన్ను అనుసరించమని ఎవరూ అడగరు. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ పట్టుదలకు అయ్యే ఖర్చును ఆయన ఎవరి మీదా వేయలేదు, తానే భరించారు.

పారిస్‌లో రూ ద తూర్నోఁ అనే వీధిలో ఒక చిన్న నివాసం. ఒంటరి జీవితం, చాలా సాదా తిండి, చుట్టూ పుస్తకాలు. 1954లో ఫ్రాన్సు జాతీయ పరిశోధన సంస్థలో ఆయనకు చోటు దొరికింది. 1978 దాకా అక్కడే పనిచేశారు. మరో పక్క ఏటా కొన్ని నెలలు తుర్కియే వెళ్లి ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవారు. హైదరాబాదులో ఏ పని చేస్తుండేవారో ఇక్కడా అదే పని. మారిందల్లా ఎవరి కోసం రాస్తున్నారన్నదే. ఉర్దూ, అరబీ చదివే పండితుల స్థానంలో ఇప్పుడు ఆయన ముందున్నది ఫ్రెంచివారు, ఉత్తర ఆఫ్రికా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కార్మికులు, పలు దేశాల విద్యార్థులు.

ఇక్కడే ఆయన అసలు గొప్పతనం కనిపిస్తుంది. కొత్త ఊరికి ఏం కావాలో చూసి, తన దగ్గరున్న విద్యను దానికి తగ్గట్టు మలిచారు. ఫ్రెంచి భాషలో దివ్య ఖుర్ఆన్ అనువాదం 1959లో వెలువడింది. ముస్లిం విద్వాంసులు ఫ్రెంచిలో చేసిన తొలినాటి అనువాదాల్లో అది ఒకటి. తర్వాత ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందింది. అదే ఏడాది ప్రవక్త (సఅసం) జీవితచరిత్ర రెండు సంపుటాలుగా ఫ్రెంచిలోనే వచ్చింది. ఇస్లాం గురించి ఏమీ తెలియనివారి కోసం రాసిన పరిచయ గ్రంథం అనేక భాషల్లోకి వెళ్లింది.

ఆ పరిచయ గ్రంథంలో ఒక చిన్న భాగం మమ్మల్ని ప్రత్యేకంగా ఆకర్షించింది. ఉత్తర ధ్రువం వైపు వెళ్లేకొద్దీ వేసవిలో పగలు విపరీతంగా పెరుగుతుంది, కొన్నిచోట్ల సూర్యుడు అస్తమించడు. అక్కడికి పనికి వెళ్లిన ముస్లిం రోజా ఎప్పుడు విరమించాలి, ఇషా ఎప్పుడు చేయాలి? 45 డిగ్రీల అక్షాంశం దాటిన ప్రాంతాలవారు ఆ అక్షాంశం మీది వేళలనే పాటించవచ్చని ఆయన సూచించారు. ఉలమాల్లో దీనిపై వేర్వేరు అభిప్రాయాలున్నాయి, కాబట్టి ఎవరైనా తమ ప్రాంతపు ఆలిములను అడిగే నడుచుకోవాలి. కానీ మదీనా ఒప్పందంపై ఏళ్ల తరబడి పరిశోధించిన పండితుడు ఒక కూలివాని ఇఫ్తార్ వేళ గురించి కూర్చుని లెక్క కట్టడం చిన్న సంగతి కాదు.

పాత పరిశోధన కూడా ఆగలేదు. హజ్రత్ అబూ హురైరా (రజి) దగ్గర విద్యాభ్యాసం చేసిన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ (రహ్మలై) రాసి ఉంచిన హదీసుల సంపుటి ఒకటి ఉండేదని పండితులకు తెలుసు. దాని రాతప్రతులు బెర్లిన్‌లో ఒకటి, దమాస్కస్‌లో ఒకటి హమీదుల్లా గారి దృష్టికి వచ్చాయి. రెండింటినీ పోల్చి, 138 హదీసులున్న ఆ సంపుటిని 1953లో ప్రచురించారు. హదీసులు ప్రవక్త (సఅసం) తర్వాత రెండు వందల ఏళ్లకు గానీ కాగితం మీదికి రాలేదని ఐరోపా పండితులు కొందరు చేస్తూవచ్చిన వాదానికి ఇది గట్టి జవాబయింది. ఎందుకంటే హజ్రత్ అబూ హురైరా (రజి) హిజ్రీ మొదటి శతాబ్దంలోనే, 58 ప్రాంతంలో మరణించారు. అందులోని హదీసులు తర్వాతి శతాబ్దాల పెద్ద సంకలనాల్లోని వాటితో సరిపోలుతున్నాయి.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గాథ మన పిల్లలకు కూడా తెలుసు. ఆయన ఖాళీ చేతులతో మదీనా చేరినప్పుడు అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దీవించి, ఆస్తి వద్దని, బజారు ఎక్కడుందో చూపితే చాలన్నారు. మర్నాటి నుంచి జున్ను, నెయ్యి వ్యాపారంతో మొదలుపెట్టి నిలదొక్కుకున్నారు. హమీదుల్లా గారి బజారు గ్రంథాలయం. బహుమతులు, బిరుదులు వచ్చినప్పుడు కూడా ఆయన పద్ధతి అదే. 1980లలో పాకిస్తాన్ ప్రభుత్వం ఇచ్చిన హిజ్రా పురస్కారపు సొమ్మును ఇస్లామాబాద్‌లోని ఇస్లామీయ పరిశోధన సంస్థకే ఇచ్చివేశారు. అంతకుముందు 1980లో బహావల్‌పూర్‌లో ఆయన ఉర్దూలో చేసిన పన్నెండు ప్రసంగాలు పుస్తకరూపంలో ఈనాటికీ మన మదర్సాల్లో చదువుతున్నారు.

పారిస్‌లో ఆయన చుట్టూ చేరిన యువకుల సంగతి కూడా చెప్పాలి. ఫ్రాన్సులోని ముస్లిం విద్యార్థుల సంఘం 1963లో ఏర్పడటంలో ఆయన పాత్ర ముఖ్యం. ఇస్లాం స్వీకరించాలని వచ్చిన ఫ్రెంచివారు ఎందరో ఆయన్ను కలిసేవారు. ఊరు కాని ఊళ్లో బంధువులు లేని మనిషికి క్రమంగా ఒక పెద్ద కుటుంబం ఏర్పడింది.

వయసు ఎనభై దాటాక ఆరోగ్యం దెబ్బతింది. ఒంటరిగా ఉండటం కష్టమైపోయింది. 1996లో అన్నగారి మనుమరాలు ఆయన్ను అమెరికాకు తీసుకువెళ్లి తన ఇంట్లో ఉంచుకుని సేవ చేసింది. బంధువులను వదిలి బతికిన మనిషిని చివరికి బంధువుల బిడ్డే ఆదుకోవడం అల్లాహ్ చేసిన ఏర్పాటు. ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్‌లో 2002 డిసెంబర్ 17న, 94 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. హైదరాబాదు తరఫున ఆ బృందంతో బయలుదేరి అప్పటికి 54 ఏళ్లు. అక్కడే ఖననం జరిగింది.