గ్రంథాలయ శాస్త్ర పితామహుడు డాక్టర్ ఎస్. ఆర్. రంగనాథన్

డిగ్రీ పరీక్షలు సమీపించగానే విద్యార్థుల మనస్సులలో మెదిలే ప్రశ్న ఒక్కటే: ఇక ముందేమిటి? వైద్యం, ఇంజనీరింగు, న్యాయవాద వృత్తి, ఉపాధ్యాయ వృత్తి, ఈ పేర్లు అందరి నోటా వినబడుతూనే ఉంటాయి. గ్రంథాలయాధికారి కావాలని చిన్ననాటి నుండి కలలుగన్న విద్యార్థి మాత్రం అరుదు. ఆ ఉద్యోగమంటే పుస్తకాలకు కాపలా కాయడమనీ, దుమ్ము దులిపి బీరువాకు తాళం వేయడమనీ, మరే కొలువూ దొరకనివారికి అది చివరి ఆశ్రయమనీ ఒక అభిప్రాయం మనలో పాతుకొనిపోయింది. విచిత్రమేమంటే, మన దేశంలో ఆ శాస్త్రానికి పితామహుడని పేరొందిన మహనీయునికి కూడ తొలుత ఆ కొలువు రుచించలేదు. ఇష్టంలేని ఉద్యోగంలో చేరి, దాని నుండి తప్పించుకోజూచి, తుదకు దానినే ఒక శాస్త్రంగా తీర్చిదిద్దిన ఆయన జీవితం, వృత్తిని ఎన్నుకోవలసిన వయస్సులో ఉన్నవారు తప్పక తెలిసికోదగినది. ఆయనే డాక్టర్ శియాలి రామామృత రంగనాథన్.

బాల్యము - విద్యాభ్యాసము

రంగనాథన్ 1892 ఆగస్టులో నాటి తంజావూరు జిల్లాలోని శియాలి గ్రామంలో జన్మించారు. నేడు ఆ ఊరిని శీర్కాళి అంటున్నారు. ఆయనకు ఆరేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించారు. తల్లి సీతాలక్ష్మి సంరక్షణలో పెరిగి, స్వగ్రామంలో పాఠశాల చదువు ముగించుకొని, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చేరి 1916లో గణితశాస్త్రంలో ఎం.ఏ. పట్టం పొందారు. అక్కడి గణితాచార్యుడు ఎడ్వర్డ్ రాస్ పట్ల ఆయనకు జీవితాంతం గురుభక్తి ఉండేది. బాల్యం నుండీ ఆయనకు నత్తి ఉండేది. మాట తడబడేవాడు ఉపాధ్యాయుడు కావడం ఎంతటి సాహసమో ఊహింపవచ్చు. పట్టుదలతో ఆ లోపాన్ని అదుపులోనికి తెచ్చుకొని, మంగుళూరు, కోయంబత్తూరు కళాశాలలలోను, అనంతరం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను గణితం బోధించి, మంచి అధ్యాపకుడని పేరు తెచ్చుకొన్నారు.

అనుకోని మలుపు

అధ్యాపకుల జీతాలు ఆ రోజులలో స్వల్పం. మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథాలయాధికారి పదవిని ప్రకటించినప్పుడు, జీతం మెరుగుగా ఉన్నందున మిత్రులు ఆయనను దరఖాస్తు చేయుమని ప్రోత్సహించారు. సుమారు 900 మంది ఆ పదవికి పోటీపడ్డారు. గ్రంథాలయ నిర్వహణలో శిక్షణ పొందినవారు వారిలో ఒక్కరూ లేరట. రంగనాథన్‌కు ఆ విషయంలో ఉన్న పరిజ్ఞానమంతా ఇంటర్వ్యూకు కొద్దిరోజుల ముందు ఒక విజ్ఞానసర్వస్వంలో చదువుకొన్న వ్యాసం మాత్రమే. అయినను ఆయననే ఎంపిక చేశారు. 1924 జనవరిలో ఆయన పదవిని స్వీకరించారు.

నిత్యం విద్యార్థుల కోలాహలం మధ్య గడిపిన మనిషికి ఆ గ్రంథాలయపు ఏకాంతం దుర్భరమైంది. కొద్దిరోజులకే ఆయన పాత కళాశాలకు పోయి, తనను తిరిగి గణితశాఖలోనికి తీసికొమ్మని ప్రిన్సిపాలును ప్రార్థించారు. ప్రిన్సిపాలు ఒక ఒప్పందం చేసికొన్నారు. ఉద్యోగ నిబంధన ప్రకారం ఎలాగూ ఇంగ్లండుకు వెళ్ళి గ్రంథాలయ నిర్వహణ నేర్వవలసియున్నది. ముందు ఆ శిక్షణ పూర్తిచేసి రావాలి, అప్పటికీ మనస్సు మారకపోతే పాత ఉద్యోగం ఇప్పిస్తారు. రంగనాథన్ ఓడ ఎక్కారు. తిరిగి వచ్చిన తరువాత ఆ పాత ఉద్యోగం ఊసే ఎత్తలేదు.

బొమ్మల దుకాణంలో పాఠం

లండను యూనివర్సిటీ కాలేజీలో బెర్విక్ సేయర్స్ అనే పండితుని వద్ద ఆయన వర్గీకరణ శాస్త్రం చదివారు. ఇంగ్లండులోని గ్రంథాలయాలను నూరుకు పైగా చూచారు. పేద, ధనిక, బాల, వృద్ధ భేదం లేక అందరూ గ్రంథాలయానికి రావడం ఆయనను ఆకర్షించింది. ఆ నాటికి ప్రపంచమంతటా వ్యాపించియున్నది అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణ. విజ్ఞానాన్నంతటినీ పది భాగాలుగాను, ఒక్కొక్క భాగాన్ని మరల పదిగాను విభజించి, ప్రతి విషయానికీ ముందుగానే ఒక గది కేటాయించడం దాని పద్ధతి. గది లేని కొత్త విషయం వచ్చిననాడు ఏమి చేయాలి? రెండు మూడు విషయాలు కలిసిన పుస్తకాన్ని ఎక్కడ ఉంచాలి? గణితశాస్త్రజ్ఞుడైన రంగనాథన్‌ను ఈ ప్రశ్నలు వెంటాడినవి.

సమాధానం ఒక దుకాణంలో దొరికింది. లండనులోని సెల్ఫ్‌రిడ్జెస్ అనే పెద్ద అంగడిలో ఒక విక్రేత మెకానో అనే ఆటవస్తువును ప్రదర్శిస్తున్నాడు. అవే పట్టీలు, అవే చక్రాలు, అవే మరలు; వాటిని ఒకవిధంగా బిగిస్తే ఒక బొమ్మ, మరొకవిధంగా బిగిస్తే మరొక బొమ్మ. రంగనాథన్‌కు మెరుపు మెరిసినట్లయింది. ప్రతి విషయానికీ ముందే గది కట్టనవసరం లేదు. విషయాలను మూలాంశాలుగా విడదీసి ఉంచుకొంటే, ఏ పుస్తకం వచ్చినా కావలసిన అంశాలను కూర్చి దాని సంఖ్యను అప్పటికప్పుడు నిర్మించవచ్చు. అంశాలను కలిపే మరగా ఆయన కోలన్ అనే రెండు చుక్కల గుర్తును స్వీకరించారు. ఆ పద్ధతి 1933లో కోలన్ క్లాసిఫికేషన్ అనే గ్రంథంగా వెలువడింది.

ఐదు సూత్రాలు

1925లో స్వదేశానికి తిరిగివచ్చిన రంగనాథన్ రెండు దశాబ్దాల పాటు మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి తమ సర్వస్వాన్నీ ధారపోశారు. రోజుకు పదమూడు గంటలు, ఆదివారమని లేక పనిచేసేవారని చెబుతారు. 1929లో శారదాంబతో వివాహం జరిగిననాడు కూడ మధ్యాహ్నానికి గ్రంథాలయానికి వచ్చి కూర్చున్నారట. పాఠకులు స్వయంగా బీరువాల నడుమ తిరిగి పుస్తకాలు తీసి చూచుకొనే వసతి కల్పించారు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘ స్థాపనకు కారకులై, మరుసటి సంవత్సరమే గ్రంథాలయ శిక్షణ తరగతులు ప్రారంభింపజేశారు.

1931లో వెలువడిన ఆయన ప్రసిద్ధ గ్రంథం గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలను ప్రతిపాదించింది. వాటి సారాంశమిది. పుస్తకం దాచుటకు గాక వాడుటకు ఉన్నది. ఏ పాఠకునికైనా అతనికి తగిన పుస్తకం అందాలి. అలాగే ఏ పుస్తకానికైనా దానికి తగిన పాఠకుడు దొరకాలి. పాఠకుని సమయం వృథా కాకూడదు. గ్రంథాలయం నిలిచిపోయిన కట్టడం గాక నిరంతరం పెరిగే ప్రాణి వంటిది. వినుటకు ఇవి అతి సామాన్యమైన మాటలు. కాని ఆలోచించిన కొలది వీటి లోతు తెలుస్తుంది. తలుపులు ఎప్పుడు తెరవాలి, బీరువా ఎంత ఎత్తుండాలి, సూచిక ఎట్లుండాలి అనే ప్రశ్నలకన్నిటికీ వీటిలోనే సమాధానం ఉన్నది.

పుస్తకం పండితుల సొత్తు కాదని నమ్మిన ఆయన గ్రంథాలయ చట్టాల కోసం ఎడతెగక కృషిచేశారు. ఫలితంగా 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇట్టి చట్టం అదే మొదటిది. నాడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న తెలుగు జిల్లాలకు కూడ అది వర్తించింది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటి వారు 1914 నుండి నడిపిన ఆంధ్ర గ్రంథాలయోద్యమానికి ఆ విధంగా చట్టబలం చేకూరింది. 1955లో హైదరాబాదు రాష్ట్రంలోను, 1960లో ఆంధ్రప్రదేశ్‌లోను గ్రంథాలయ చట్టాలు వెలువడినవి.

ఎదురుదెబ్బ - పునరుత్థానము

ఇంతటి సేవచేసినవారికి మద్రాసులో చివరి రోజులు సుఖంగా గడవలేదు. పైయధికారులతో విభేదాలు ఏర్పడి, ఆయన పదవి నుండి తప్పుకొన్నారు. యాభై ఏండ్లు దాటిన వయస్సులో కొంతకాలం మనోవ్యథకు లోనైనారు. 1945లో కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుండి ఆహ్వానం వచ్చింది. అక్కడ ఆయన లక్షకు పైగా గ్రంథాలను స్వయంగా వర్గీకరించారు. అటుపిమ్మట ఢిల్లీ విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రానికి ఉన్నత విద్యాస్థాయిని కల్పించి, కొన్నేండ్లు జూరిచ్‌లో నివసించి, ఉజ్జయినిలో బోధించి, 1962లో బెంగుళూరులో డాక్యుమెంటేషన్ పరిశోధన శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. 1957లో పద్మశ్రీ పురస్కారం, 1965లో జాతీయ పరిశోధనాచార్య పదవి ఆయనను వరించినవి. తాము కూడబెట్టిన లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయానికే సమర్పించి, తమ భార్య పేరుతో గ్రంథాలయ శాస్త్రాచార్య పీఠాన్ని ఏర్పాటుచేయడం ఆయన హృదయ వైశాల్యానికి నిదర్శనం. తాము మనస్తాపంతో వదలివచ్చిన సంస్థకే తమ జీవితార్జనను ఇచ్చినవారు ఎందరుంటారు? 1972 సెప్టెంబరు 27న ఆయన బెంగుళూరులో పరమపదించారు.

సమాచారాన్వేషణకు ఆయన కానుక

కోలన్ పద్ధతిని యథాతథంగా అనుసరించిన గ్రంథాలయాలు మన దేశంలో కూడ తక్కువే. దాని గుర్తులు క్లిష్టమైనవని విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో సత్యమున్నది. మన కళాశాలలలో నేటికీ ఎక్కువగా కనిపించేది డ్యూయీ సంఖ్యలే. కాని రంగనాథన్ అసలు కానుక ఆ గుర్తులలో లేదు. విషయాన్ని విడదీసి చూచే ఆ దృష్టిలో ఉన్నది.

ఒక ఉదాహరణ చూతము. ఆంధ్రప్రదేశ్‌లో 1970వ దశకంలో వరి తెగుళ్ళ నివారణ గురించి ఒకరికి సమాచారం కావాలి. ఇందులో వరి ఒక ముఖం, తెగులు ఒక ముఖం, నివారణ ఒకటి, ప్రదేశం ఒకటి, కాలం మరొకటి. ఏ విషయాన్నైనా ఈ విధంగా ముఖాలుగా విడదీయవచ్చునని రంగనాథన్ బోధించి, తరువాతి కాలంలో వాటన్నిటినీ వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, దేశం, కాలం అనే ఐదు మూల వర్గాలలోనికి తెచ్చారు. 1952లో లండనులో ఏర్పడిన వర్గీకరణ పరిశోధక బృందం ఈ సిద్ధాంతాన్ని ఆధారం చేసికొన్నది. ఆయన రూపొందించిన శృంఖలా సూచిక పద్ధతిని బ్రిటిష్ జాతీయ గ్రంథసూచి 1950 నుండి 1970 వరకు అనుసరించింది. నేడు కంప్యూటరు తెరపై ఏదైనా వెదకేటప్పుడు రచయిత, భాష, సంవత్సరం, విషయం అని ప్రక్కన కనబడే విభాగాలలో ఒక్కొక్కదానిని ఎన్నుకొంటూ పోతే వేల ఫలితాలు పదిగా కుదించుకొనిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. దాని వెనుక రంగనాథన్ దృష్టే ఉన్నది.

విద్యార్థులకు ఒక మాట

1957లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం నియమించిన గ్రంథాలయ సంఘానికి రంగనాథన్ అధ్యక్షులు. గ్రంథాలయాధికారులకు అధ్యాపకులతో సమానమైన జీతం, గౌరవం ఉండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. ఈ వృత్తిలో నేడు ఏ శాస్త్రంలో డిగ్రీ పొందినవారైనా చేరవచ్చు. డిగ్రీ తరువాత గ్రంథాలయ సమాచార శాస్త్రంలో బ్యాచిలర్ పట్టం, ఆపై మాస్టర్ పట్టం ఉన్నవి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1935లోను, ఉస్మానియాలో 1959లోను ఈ విద్య ఆరంభమైంది. నెట్ పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి కళాశాలలలో, విశ్వవిద్యాలయాలలో అవకాశాలున్నవి. పరిశోధన సంస్థలు, ఆసుపత్రులు, న్యాయస్థానాలు, పత్రికా కార్యాలయాలు, కంప్యూటరు సంస్థలు, సమాచారాన్ని క్రమంలో ఉంచి అడిగినవారికి అందించగల నేర్పరి అవసరం వీటన్నిటికీ ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండూ చదువగల మన విద్యార్థులకు మరొక ప్రత్యేకత ఉన్నది. ఈ రెండు భాషలలోని పాత గ్రంథాలకు, పత్రికలకు సరియైన సూచికలు తయారుచేయుటకు రెండు లిపులూ తెలిసిన చేయి కావాలి.

ఇది కేవలం జీతం కొరకు చెప్పుతున్న మాట కాదు. రంగనాథన్ కూడ జీతం కొరకే ఈ వృత్తిలోనికి వచ్చారు. నిలిచిపోయింది మాత్రం పాఠకుని కొరకు. అభిరుచి ముందే ఉండి తీరాలనే నియమమేమీ లేదు. చేపట్టిన పనిని శ్రద్ధతో పరిశీలిస్తే అభిరుచి దానంతటది పుడుతుందని ఆయన జీవితం చాటుతున్నది. రేపు మీరు కళాశాల గ్రంథాలయంలోనికి అడుగుపెట్టినప్పుడు, పుస్తకం వెన్నుపై అంటించిన చిన్న కాగితపు సంఖ్యను ఒక్క క్షణం గమనించండి. మీ సమయం వృథా కాకూడదని ఎవరో ఎంతో ఆలోచించి వేసిన సంఖ్య అది. అట్లు ఆలోచించేవారిలో మీరును ఒకరు కాగలరు.