మన్యంలో పెత్తనం ఎవరిది? అల్లూరి జీవితం

అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టాడు. మైదానపు మనిషి. చిన్నప్పుడే తండ్రి పోయాడు, చదువు సాగలేదు. 1917లో కృష్ణదేవిపేట చేరి కొండజనంలో కలిసిపోయాడు.

అప్పటి మన్యం సంగతి చెప్పుకోవాలి. 1839 చట్టంతో తెల్లదొరలు విశాఖ మన్యాన్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి ఏజెంటు చేతిలో పెట్టారు. పన్ను వసూలు చేసేదీ, తీర్పు చెప్పేదీ ఆయన కచేరీయే! 1882 అడవి చట్టం వచ్చాక పోడుకీ, కట్టెపుల్లకీ కూడా సర్కారు అనుమతే. అంతకుముందు పెత్తనం ముఠాదార్లది. వాళ్లూ జనాన్ని పిండినవాళ్లే, అది దాచక్కర్లేదు. కాకపోతే ముఠాదారు కొండమీదే ఉండేవాడు, అడగడానికి మనిషి కనబడేవాడు.

సహాయ నిరాకరణ రోజుల్లో రాజు ఊరూరా తిరిగి కల్లుసారా మానమన్నాడు. తగాదాలు కచేరీకి మోయకుండా ఊళ్లోనే పంచాయతీలో తేల్చుకునేలా చేశాడు. తుపాకీ సంగతి అందరం చెప్పుకుంటాం గానీ, ఈ పంచాయతీల సంగతి మన సభల్లోనూ తక్కువే వినబడుతుంది. జనం కచేరీ గడప తొక్కకపోతే దొరతనానికి మిగిలేదేమిటి?

గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం, చింతపల్లి రోడ్డుకి జనాన్ని తోలి, కూలి ఎగ్గొట్టాడు. మునసబుగిరీ ఊడిన బట్టిపనుకుల గాం గంటందొర, తమ్ముడు మల్లుదొర రాజుతో కలిశారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు ఠాణాల తుపాకులు కొండెక్కాయి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చచ్చారు. సర్కారు మలబారు పోలీసుల్నీ, తర్వాత అస్సాం రైఫిల్స్‌నీ దింపింది. 1924 మే 7న పట్టుబడ్డ రాజుని విచారణ లేకుండా కొయ్యూరులో కాల్చేశారు. మల్లుదొర అండమాను జైలు నుంచి బతికొచ్చి 1952లో విశాఖ నుంచి పార్లమెంటుకి నెగ్గాడు.

అరకులోయ కలిసిన జిల్లాకి 2022లో రాజు పేరు పెట్టారు. అక్కడ భూమి తీసుకునేముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతోంది. నేను వెళ్లిన ఒక గూడెంలో మాత్రం తీర్మానం పైనుంచి రాసుకొచ్చారు, జనాన్ని వేలిముద్రలకి పిలిచారు. ఒక ముసలామె చెయ్యి చాపకుండా, అందులో ఏముందో చదవమని కూర్చుంది. ఆ పూటకి కాగితం వెనక్కి పోయింది.