పెన్నాతీరపు స్వరం – శాంతకుమారి

దాంపత్యాన్ని వర్ణించవలసి వచ్చినపుడు మన ప్రాచీన కవులు వాక్కును, అర్థాన్ని ఉపమానంగా గ్రహించారు. మాటను, దాని అర్థాన్ని విడదీయలేనట్లే భార్యాభర్తలను విడదీయలేమని వారి భావం. ఈ ఉపమానం గ్రంథాలలో అందంగా ఉంటుంది. నిత్యజీవితంలో దానిని నిలుపుకోవడం మాత్రం కష్టం. సాధారణ గృహస్థులు పగలంతా శ్రమించి, సాయంకాలం సేదదీరడానికి హోటలుకో సినిమాకో వెళతారు. మరి సినిమాయే వృత్తియైన దంపతుల మాట ఏమిటి? భర్త దర్శకుడు, భార్య నటి. పగలు ఆయన చెప్పినట్లు ఆమె నటించాలి. రాత్రి ఇద్దరూ ఒకే ఇంటికి చేరాలి. అటువంటి జీవితాన్ని నలభై ఎనిమిది సంవత్సరాలు ఒడిదుడుకుల చిత్రరంగంలో గడిపిన కళాకారిణి శాంతకుమారి. ఆమె భర్త పి. పుల్లయ్య.

శాంతకుమారి 1920 మే 17వ తేదీన కడప జిల్లా ప్రొద్దుటూరులో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుబ్బమ్మ. ఇంటిపేరు వెల్లాల. పెన్నానది ఒడ్డున ఉన్న ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికీ, పత్తి వ్యాపారానికీ పేరుపొందిన పట్టణం. వానలు మొగం చాటేసే ఆ నేలలో పెన్న ఏడాదిలో అధికభాగం ఇసుకతిన్నెగానే కనిపిస్తుంది. నీటికి కరవు వచ్చినా, ఆ ప్రాంతంలో పాటకూ పద్యానికీ కరవు రాలేదు. సుబ్బమ్మ తండ్రి నటులు. తల్లి శాస్త్రీయ సంగీత గాయని. అందువలన అభినయం, గానం ఆమెకు పుట్టింటి సొత్తుగానే సంక్రమించాయి.

సంగీతాన్ని సంప్రదాయబద్ధంగా నేర్చుకోవడానికి ఆమె మదరాసు చేరారు. సంగీత శాస్త్రవేత్తగా ప్రసిద్ధులైన ఆచార్య పి. సాంబమూర్తి వద్ద గాత్రమూ, వాయులీనమూ అభ్యసించారు. తరువాతి కాలంలో కర్ణాటక సంగీత ప్రపంచంలో మహావిదుషిగా వెలుగొందిన డి.కె. పట్టమ్మాళ్ ఆమెకు సహాధ్యాయిని. పదహారేళ్ళ ప్రాయానికే సుబ్బమ్మ మదరాసులోని ఒక పాఠశాలలో సంగీత ఉపాధ్యాయినిగా పనిచేశారు. ఆమె ఆ దారినే సాగి ఉంటే గౌరవప్రదమైన ఉద్యోగం, ప్రశాంతమైన జీవితం లభించి ఉండేవి. కాని విధి మరొక ద్వారం తెరిచింది.

1936లో వేల్ పిక్చర్స్ వారు పి.వి. దాసు దర్శకత్వంలో శశిరేఖా పరిణయ కథను మాయాబజార్ పేరుతో చలనచిత్రంగా నిర్మించారు. శశిరేఖ పాత్రకు సుబ్బమ్మను ఎన్నుకున్నారు. తెలుగువారు మాయాబజార్ అనగానే 1957 నాటి చిత్రాన్నీ, అందులోని సావిత్రినీ స్మరిస్తారు. దానికి ఇరవై ఒక్క సంవత్సరాల ముందే వెండితెరపై శశిరేఖగా కనిపించినది ఈ ప్రొద్దుటూరు బాలిక. వెండితెరకు ఆమె పేరు శాంతకుమారిగా మారింది.

ఈనాటి విద్యార్థులకు అది చిన్న విషయంగా తోచవచ్చు. కాని ఆ రోజుల్లో కుటుంబ స్త్రీలు చిత్రాలలో నటించడం అగౌరవమనే అభిప్రాయం సమాజంలో బలంగా ఉండేది. పాఠశాలలో పాటలు నేర్పే యువతి ముఖానికి రంగు పూసుకొని కెమెరా ముందు నిలబడటం సాహసమే. పైగా నేపథ్యగానం అప్పటికి తెలుగు చిత్రాలలో స్థిరపడలేదు. నటించేవారే పాడవలెను. అభినయిస్తూనే శ్రుతి తప్పకుండా పాడటానికి గట్టి సాధన కావాలి. శాంతకుమారికి ఆ సాధన పుష్కలంగా ఉంది. సంగీతమే ఆమెకు రక్షాకవచమైంది.

మరుసటి సంవత్సరం, అనగా 1937లో, ఆమె సారంగధర చిత్రంలో నటించారు. ఆ చిత్రానికి దర్శకులు నెల్లూరు వాస్తవ్యులైన పుల్లయ్య. 1911లో జన్మించిన ఆయన అప్పటికే 1935లో హరిశ్చంద్ర చిత్రాన్ని రూపొందించి పేరు గడించారు. సారంగధర వెలువడిన 1937లోనే వారిద్దరి వివాహం జరిగింది. ప్రొద్దుటూరు మీదుగా ప్రవహించిన పెన్నయే నెల్లూరును పలకరించి సముద్రాన్ని చేరుతుంది. ఒకే నది ఎగువ తీరాన పుట్టిన గాయనికీ, దిగువ తీరాన పుట్టిన దర్శకునికీ మదరాసు నగరం కాపురమైంది.

నాటి చిత్రనిర్మాణ పరిస్థితులు తెలిస్తే ఆ కాపురపు స్వరూపం మనకు కొంత బోధపడుతుంది. మదరాసులో తగినన్ని స్టూడియోలు లేని ఆ తొలిరోజుల్లో అనేక తెలుగు చిత్రాలను కలకత్తా, బొంబాయి, కొల్హాపూరు వంటి దూరప్రాంతాలలో నిర్మించేవారు. నటీనటులు, వాద్యబృందం, సాంకేతిక నిపుణులు అందరూ రైలెక్కి అక్కడకు చేరి, నెలల తరబడి బసచేసేవారు. చాలా సందర్భాలలో కంపెనీ వంటవారు వండిన భోజనాన్ని అందరూ ఒకే పంక్తిలో కూర్చుని ఆరగించేవారు. ఇల్లు వేరు, పని వేరు అనే విభజన ఆ జీవితంలో సాధ్యం కాదు. అటువంటి వాతావరణంలో భార్యాభర్తల మధ్య పరస్పర గౌరవం లేకపోతే సంసారమూ సాగదు, చిత్రమూ పూర్తికాదు.

1939లో పుల్లయ్య శ్రీవేంకటేశ్వరుని గాథను బాలాజీ పేరుతో తెరకెక్కించారు. వేంకటేశ్వరునిగా సి.యస్.ఆర్. ఆంజనేయులు, పద్మావతిగా శాంతకుమారి నటించారు. కడప ప్రాంతంవారికి ఈ కథ పరాయిది కాదు. దేవుని కడపను తిరుమలకు తొలిగడపగా భావించడం అక్కడి సంప్రదాయం. ఆ గడ్డపై పుట్టిన పందొమ్మిదేళ్ళ యువతి పద్మావతిగా పాడుతుంటే, ఆమె భర్తయే ఆ దృశ్యాలను తీర్చిదిద్దారు. ఈ చిత్రాన్ని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. శాంతకుమారి జీవితంలోని అపూర్వమైన ఘట్టానికి ఇదే పునాది.

నటికి యౌవనం గొప్ప పెట్టుబడి అంటారు. అది తరిగిపోతుందని తెలిసినా, నాయిక స్థానాన్ని వదులుకోవడానికి చాలామంది మనస్సు అంగీకరించదు. శాంతకుమారి ఈ విషయంలో విలక్షణమైన మార్గాన్ని అవలంబించారు. 1949లో రాయలసీమకే చెందిన కె.వి. రెడ్డి దర్శకత్వంలో వెలువడిన గుణసుందరి కథలో ఆమె నాయికకు అక్కగా కనిపించారు. 1950లో విజయా సంస్థ తొలి చిత్రమైన షావుకారులో ఎన్.టి. రామారావుకు తల్లిగా నటించారు. అప్పటికి ఆమెకు ఇంకా ముప్పై సంవత్సరాలు నిండలేదు. కొడుకుగా నటించిన రామారావు వయస్సు ఇరవై ఆరు! మూడేళ్ళు చిన్నవాడైన నటుని చేత అమ్మా అని పిలిపించుకోవడానికి ఆమె సంకోచించలేదు. పాత్ర చిన్నదా పెద్దదా, వయస్సు మళ్ళినదా కాదా అనే లెక్కకంటే పాత్రలోని ప్రాణమే ఆమెకు ముఖ్యమైంది.

ఈ మార్పు పుల్లయ్య చిత్రాలలోనూ కనిపిస్తుంది. 1955లో వచ్చిన అర్ధాంగిలో సావిత్రి నాయిక. శాంతకుమారి జమీందారు రెండవ భార్య పాత్రను ధరించి, సవతి కొడుకు పట్ల కాఠిన్యం చూపే తల్లిగా ప్రేక్షకుల ఆగ్రహాన్ని చవిచూచారు. 1959 నాటి జయభేరిలోనూ, 1962 నాటి సిరిసంపదలులోనూ భర్త దర్శకత్వంలోనే నటించారు. దర్శకుని భార్య కనుక నాయిక పాత్ర తనకే కావాలని పట్టుబట్టే స్వభావం ఆమెది కాదని ఈ చిత్రాలే సాక్ష్యమిస్తాయి. భార్య కనుక తగని పాత్రలో నిలబెట్టాలనే పక్షపాతం ఆయనకూ లేదు. రాగిణి, పద్మశ్రీ అనే సొంత సంస్థలను కూడా వారు నిర్వహించారు. సొంతంగా చిత్రం తీయడమంటే ఇంటి సంపాదనను పందెంలో ఒడ్డడమే. లాభమైనా నష్టమైనా వంటింటి దాకా వచ్చి తీరుతుంది. ఆ బరువును ఇద్దరూ కలిసి మోశారు.

ఇక అపూర్వమని చెప్పిన ఘట్టం 1960లో సంభవించింది. పుల్లయ్య తాను మునుపు తీసిన వేంకటేశ్వరుని కథనే మరల శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం పేరుతో నిర్మించడానికి పూనుకున్నారు. వేంకటేశ్వరునిగా ఎన్.టి. రామారావు, పద్మావతిగా సావిత్రి ఎంపికయ్యారు. శాంతకుమారికి వకుళమాత పాత్ర లభించింది. ద్వాపరయుగంలో కృష్ణుని పెండ్లిని కన్నులారా చూడలేకపోయిన యశోదయే కలియుగంలో వకుళగా జన్మించి, శ్రీనివాసుని కల్యాణం జరిపించిందని పురాణగాథ. ఇరవై ఒక్క సంవత్సరాల క్రితం తాను పెండ్లికూతురుగా నిలిచిన కథలో, ఇప్పుడు మరొక నటిని పెండ్లికూతురును చేసి, తాను తల్లిగా ఆ పెండ్లి పెద్దరికం వహించారు శాంతకుమారి. రెండుసార్లూ కెమెరా వెనుక నిలిచి నడిపించినవారు ఆమె భర్తయే.

నేపథ్యగానం స్థిరపడిన ఆ కాలంలో కూడా ఆమె తన పాటను తానే పాడుకున్నారు. పెండ్యాల నాగేశ్వరరావు సంగీత సారథ్యంలో ఆమె ఆలపించిన వకుళమాత గీతంలో, బిడ్డ కోసం ఎదురుచూచే తల్లి ఆర్తి ధ్వనించింది. సాంబమూర్తి వద్ద నేర్చిన విద్య ఇన్నేళ్ళ తరువాత కూడా చెక్కుచెదరలేదని ఆ పాట నిరూపించింది. అనేకమంది తెలుగువారికి వకుళమాత అనగానే నేటికీ ఆమె ముఖమే స్ఫురిస్తుంది.

ఆ తరువాత తల్లి పాత్రలకు ఆమె పేరు పర్యాయపదమైంది. 1945లో మాయలోకం చిత్రంలో తనతోపాటు నటించిన అక్కినేని నాగేశ్వరరావుకు 1971 నాటి ప్రేమనగర్‌లో ఆమె తల్లిగా నటించారు. దాని తమిళ రూపమైన వసంత మాళిగైలో, 1972లో, శివాజీ గణేశన్‌కు తల్లి అయ్యారు. ఐశ్వర్యపు దర్పాన్నీ, మాతృహృదయపు వేదననూ ఒకే చూపులో చూపగల నేర్పు ఆమెది.

1985 మే 29న పుల్లయ్య కన్నుమూశారు. ఆమె మరి ఇరవై సంవత్సరాలకు పైగా జీవించారు. తెలుగు చిత్రరంగానికి చేసిన జీవితకాల సేవకు గాను 1999 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారం ఆమెను వరించింది. అంతకుముందే అదే పురస్కారాన్ని పుల్లయ్య కూడా అందుకొని ఉండటం విశేషం. 2006 జనవరి 16న, ఎనభై అయిదేళ్ళ వయస్సులో శాంతకుమారి దివంగతులయ్యారు.

వేదికపై అందరికంటె ముందు నిలబడాలనే కోరిక కళాకారులకు సహజం. సమయం వచ్చినపుడు ఒక అడుగు వెనుకకు వేసి, ఆ స్థానాన్ని చిన్నవారికి ప్రేమతో అప్పగించడం సంస్కారం. ఆ అడుగు వేసినందువలన శాంతకుమారి చిన్నబోలేదు. పద్మావతిగా ఆమెను చూచినవారు నేడు అరుదు. వకుళమాతగా ఆమెను ఎరుగని తెలుగు ఇల్లు అంతకంటె అరుదు.