పురిటిగది కట్టడిని దాటిన డాక్టర్ సిస్టర్

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో పెద్ద జబ్బు చేసిందంటే బెంగుళూరు రైలెక్కడం ఏనాటి నుంచో ఉన్నదే. అలా వెళ్ళినవారిలో సెయింట్ జాన్స్ ఆసుపత్రి గడప తొక్కినవారు ఎందరో ఉన్నారు. ఆ ఆసుపత్రి ఒక వైద్య కళాశాలకు చెందినది. అటువంటి కళాశాల కావాలని పట్టుబట్టినవారిలో ముఖ్యురాలు గుంటూరులో సేవ చేసిన ఒక కన్యాస్త్రీ. ఆమె డాక్టర్ మేరీ గ్లౌరీ.

ఆమె 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. తొమ్మిదిమంది సంతానంలో ఒకరు. బాల్యం మల్లీ అనే మెట్ట ప్రాంతంలో గడిచింది. అది కూడా మన సీమలాగే వానను నమ్ముకున్న నేల. చిన్ననాడే స్కాలర్‌షిప్ గెలుచుకుని మెల్‌బోర్న్‌లో చదువుకున్నారు. ఆడపిల్లలు డాక్టర్లు కావడం అరుదైన ఆ రోజుల్లో, తండ్రి ప్రోత్సాహంతో వైద్యవిద్యలో చేరి 1910లో పట్టా పొందారు. మెల్‌బోర్న్‌లో ఆమెకు మంచి పేరు, చేతినిండా పని ఉండేవి.

1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండ్ వైద్యురాలి గురించినది. మన దేశంలో పరదా పాటించే స్త్రీలు మగ డాక్టరుకు నాడి కూడా చూపించుకోరనీ, వైద్యం అందక తల్లులూ బిడ్డలూ చనిపోతున్నారనీ అందులో చదివారు. తన చదువు వారికే ఉపయోగపడాలని అప్పుడే నిశ్చయించుకున్నారు. అయితే తొందరపడలేదు. కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం ప్రత్యేకంగా అభ్యసించి 1919లో ఎం.డి. పట్టా తీసుకున్నారు.

ఇక్కడే ఒక పెద్ద చిక్కు ఎదురైంది. కన్యాస్త్రీలు డాక్టర్లుగా పనిచేయడానికి, ముఖ్యంగా కాన్పులు చేయడానికి, నాటి కతోలిక చర్చి కట్టుబాట్లు ఒప్పుకోవు. సన్యాస వ్రతం పట్టినవారు పురిటిగదిలో అడుగుపెట్టడం తగదని పెద్దల భావన. ఇటు చూస్తే తల్లుల ప్రాణాలు పోతున్నది ఆ పురిటిగదిలోనే. చివరకు పోప్ పదిహేనో బెనెడిక్ట్ ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. కన్యాస్త్రీగా ఉంటూ వైద్యం చేయడానికి అటువంటి అనుమతి పొందినవారిలో ఆమే మొదటివారు.

1920 ఫిబ్రవరిలో ఆమె గుంటూరు చేరి, అక్కడి జె.ఎం.జె. సభలో చేరారు. హాలండు దేశపు ఆ కన్యాస్త్రీలు అంతకుముందే గుంటూరులో సేవ మొదలుపెట్టారు. చిన్న మందుల గదిగా ఉన్న వారి వైద్యసేవ ఆమె రాకతో సెయింట్ జోసఫ్ ఆసుపత్రిగా ఎదిగింది. చాలా ఏళ్ళు అక్కడ డాక్టరు ఆమె ఒక్కరే. ఆసుపత్రికి వచ్చినవారిని చూడడమే కాక, పల్లెలకు వెళ్ళి రోగులను చూసేవారు. ఈ దేశపు మూలికల గుణాలు తెలుసుకుని మందుల తయారీకి వాడుకున్నారు.

ఒక్క మనిషి ఎన్ని ఊళ్ళు తిరగగలదు? అందుకే ఆమె స్థానిక యువతులకు నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా శిక్షణ ఇచ్చారు. తాను లేని చోట కూడా తల్లి ప్రాణం నిలవాలంటే అదొక్కటే దారి.

ఆమెకు ఒక్కరికే దొరికిన అనుమతి 1936లో కన్యాస్త్రీలందరికీ దక్కింది. కాన్పులు చేయవచ్చు, వైద్యవిద్య చదవవచ్చు అని రోము నుంచి ఉత్తర్వు వెలువడింది.

దేశంలో అక్కడక్కడా విడివిడిగా నడుస్తున్న మఠాల ఆసుపత్రులను ఒక తాటిపైకి తేవడానికి ఆమె 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని నెలకొల్పారు. డాక్టర్లను తయారుచేసే కళాశాల ఒకటి ఈ దేశంలోనే ఉండాలన్న కోరికను ఆ సంఘం ముందుంచారు. అది నెరవేరేనాటికి ఆమె లేరు. క్యాన్సర్‌తో బాధపడి 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. అదే నగరంలో 1963లో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ప్రారంభమైంది. 2013లో చర్చి ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఆమె నాటిన సంఘం నేడు సికిందరాబాదు కేంద్రంగా పనిచేస్తున్నది. దాని కింద 3 వేలకు పైగా వైద్య సంస్థలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పల్లె జనానికి అందుబాటులో ఉన్న చిన్న ఆసుపత్రులే.