అయిదు శాతం సుల్తాన్

మత్రా సూక్‌లో వెండి కొట్ల ముందు ఆగిన మనవాళ్లు చూసే ఉంటారు. పాత నాణేల మీద ఆస్ట్రియా రాణి మరియా థెరీసా బొమ్మ, పక్కన 1780. అది ఆమె చనిపోయిన ఏడాది. ఆ తర్వాత కూడా అదే తేదీ వేసి ముద్రించారు. వెండి తూకం మారదన్న నమ్మకంతో అరేబియా, తూర్పు ఆఫ్రికా రేవుల్లో బేరాలన్నీ ఆ నాణేల్లోనే సాగేవి. ఆ వ్యాపారాన్ని ఏలినవాడు సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్.

సయీద్ 1791లో పుట్టాడు. 1804లో తండ్రి పోయాడు. రెండేళ్లకు తన బంధువు బద్ర్‌ను చంపించి గద్దె దక్కించుకున్నాడు. అప్పటికి వయసు పదిహేనేళ్లే! రాబడిలో పెద్ద భాగం రేవు సుంకాలే కాబట్టి చూపంతా సముద్రం మీదే. 1840 నాటికి కాపురం జాంజిబార్‌కి మార్చేశాడు. అక్కడ లవంగ తోటలు వేయించాడు. అవి పెరిగింది బానిసల చెమటతోనే అన్నది మరిచిపోకూడదు.

అమెరికా వ్యాపారి ఎడ్మండ్ రాబర్ట్స్ 1828లో జాంజిబార్ వచ్చి, బ్రిటిష్ వాళ్లకున్న స్వేచ్ఛ తమకు లేదని వాపోయాడు. తర్వాత రాయబారిగా తిరిగొచ్చాడు. 1833 సెప్టెంబర్ 21న మస్కట్‌లో ఒప్పందం కుదిరింది. రేవులో దించిన సరుకుపై 5 శాతం సుంకం, అంతే. అమెరికన్ల మధ్య తగాదా వస్తే తీర్పు వాళ్ల కాన్సుల్‌దే.

వ్యాపారికి ఇది హాయి. ఎంత కట్టాలో బయల్దేరే ముందే తెలిసిపోతుంది. మరి సుల్తాన్ సంగతి? ఓడలైతే పెరిగాయి గానీ, రేటు ఒప్పందంలోకి ఎక్కాక ఒంటరిగా పెంచుకునే వీల్లేకుండా పోయింది. అదే 5 శాతం బ్రిటన్ 1839లో, ఫ్రాన్స్ 1844లో రాయించుకున్నాయి. ఎవరు ముందు రాయించుకుంటే వాళ్లదే అందరికీ కొలబద్ద అయింది.

సయీద్ మాత్రం తక్కువ తిన్నాడా? 1840లో తన ఓడ సుల్తానాను ఖర్జూరం, లవంగాలు, దంతాలతో న్యూయార్క్ పంపించాడు. అమెరికన్లు ఓడను ఉచితంగా బాగుచేసి మరీ సాగనంపారు.

1856లో సముద్రంలోనే, సీషెల్స్ దగ్గర కన్నుమూశాడు. కొడుకులు మస్కట్ ఒకరు, జాంజిబార్ ఒకరు పంచుకుని తగువుపడ్డారు. తీర్పు చెప్పింది మన దేశాన్నేలుతున్న బ్రిటిష్ వైస్రాయ్ కానింగ్. 1861లో రెండు రాజ్యాలనూ విడదీసి, జాంజిబార్ ఏటా మస్కట్‌కి 40,000 వెండి నాణేలు కట్టాలన్నాడు.