పద్నాలుగు బొమ్మల కె.వి. రెడ్డిగారు

బెంగుళూరులో మా రైల్వే కార్యాలయంలో తెలుగువాళ్ళం ఎనిమిదిమందిమి ఉన్నాము. ఏటా ఉగాదికి ముందు మాలో ఒక అలవాటు. మధ్యాహ్నం భోజనాలయ్యాక టిఫిను డబ్బాలు కడిగి పెట్టుకుని, తలా ఒక కాగితం తీసుకుని, కె.వి. రెడ్డిగారి బొమ్మలు పద్నాలుగింటినీ ఎవరికి నచ్చిన వరుసలో వారు వ్రాస్తాము. పండుగ నాడు పిల్లల్ని కూర్చోబెట్టి ఏ బొమ్మ చూపించాలో ఆ కాగితాలను బట్టి తేలుతుంది. మొదటి స్థానం ఏ బొమ్మదో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఎనిమిది కాగితాల్లోనూ ‘మాయాబజార్’ పేరే. జగడమంతా రెండవ స్థానం దగ్గర. ‘పాతాళభైరవి’ అనేవారు నలుగురు, ‘జగదేకవీరుని కథ’ అనేవారు ముగ్గురు. ‘పెద్దమనుషులు’ అని పట్టుబట్టే సూపరింటెండెంటుగారు ఒక్కరు.

కాగితం అడుగుభాగం ఎవరూ చదవరు. పోయిన ఉగాదికి దాన్ని చదివినవాడు మా పక్క సీటులోని కన్నడ మిత్రుడు. అన్ని కాగితాల్లోనూ ‘సత్య హరిశ్చంద్ర’ అట్టడుగునో, దానికి ఒక మెట్టు పైనో ఉండడం చూసి ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. వాళ్ళింట్లో ఆ బొమ్మంటే అంత గౌరవం. ఆయన చూసింది కన్నడంలో. తెలుగులోదాన్ని మాలో సగంమందిమి చూడనేలేదు, చూడకుండానే అడుగున వ్రాశాము. రెండింటి వెనుకా ఉన్న మనిషి ఒక్కరేనని ఆనాడే మాకు తెలిసింది. ఆ సిగ్గుతో రెడ్డిగారి జీవితాన్ని మొదటినుంచి తెలుసుకోవాలని కూర్చున్నాము. తెలిసినంతవరకు మన సంఘ కుటుంబాల ముందు ఉంచుతున్నాము.

కదిరి వెంకటరెడ్డిగారు 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. ఆ ఊరు మనకు దూరమేమీ కాదు. ధర్మవరం, అనంతపురం మీదుగా గుత్తి చేరి, కడప వైపు బండి పట్టుకుంటే పెన్న ఒడ్డున తాడిపత్రి వస్తుంది. సెలవు దొరికినవారు అక్కడ దిగి బుగ్గ రామలింగేశ్వరుని గుడి, చింతల వెంకటరమణుని గుడి చూడవలసినవే. రెడ్డిగారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు చదివి పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో అంత చదువు చదివినవారు సినీమాలకు వెళ్ళడం అరుదు. ఆయనను ఆ దారికి తెచ్చింది తాడిపత్రివారే అయిన మిత్రులు మూలా నారాయణస్వామిగారి సాంగత్యం.

ఆయన సినీమాల్లో చేరింది దర్శకుడుగా కాదు, కాషియరుగా. హెచ్.ఎం. రెడ్డిగారు 1938లో తీసిన ‘గృహలక్ష్మి’కి డబ్బు లెక్కలు చూశారు. తర్వాత బి.ఎన్. రెడ్డిగారు, మూలా నారాయణస్వామిగారు మొదలైనవారు వాహినీ సంస్థను నెలకొల్పినప్పుడు అందులోకి వచ్చారు. ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) బొమ్మలకు నిర్మాణ వ్యవహారాలు, ఖర్చు వెచ్చాలు చూస్తూ బి.ఎన్. రెడ్డిగారి పక్కన ఉన్నారు. పుస్తకంలో జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు వ్రాస్తూ బ్రతికే మావంటి గుమాస్తాలకు ఈ సంగతి ఎంత గర్వమో చెప్పలేము. ఇతర దర్శకుల జీవితాల్లో మాకు పరిచయమైనది ఏదీ కనబడదు. ఈయన జీవితంలో మాత్రం క్యాష్ పెట్టె కనబడింది.

ఆ కాషియరు బుద్ధి ఆయనను చివరిదాకా విడవలేదు. ఫిల్ము అడుగుల లెక్కన కొనేది. పారవేసిన ప్రతి అడుగుకూ ఎవరో ఒకరు డబ్బు కట్టినట్టే. అందువల్ల కథ, మాటలు, దృశ్యాలు మొత్తం వ్రాసి ముగించి, పుస్తకంగా కట్టించి, ఒక్కొక్క దృశ్యం ఎంతసేపు నడవాలో గడియారం పెట్టి లెక్క తేల్చుకున్న తర్వాతనే ఆయన షూటింగుకు కదిలేవారు. సెట్టు మీదికి వెళ్ళాక మాట మార్చడం, నటుడు తోచినట్టు ఒక ముక్క కలపడం ఆయన దగ్గర చెల్లేవి కావు. ఎంత పెద్ద నటుడైనా ఆ పుస్తకానికి లోబడవలసిందే. ఈ పట్టుదల కొందరికి కష్టంగా తోచి ఉంటుంది. కాని మూడు గంటల మాయాబజార్‌లో తీసివేయదగిన సన్నివేశం ఏదని మేము ఒకనాడు పందెం వేసుకుంటే, సాయంత్రమైనా ఒక్కటి దొరకలేదు.

1943లో ‘భక్త పోతన’ ఆయన దర్శకత్వాన వచ్చిన మొదటి బొమ్మ. నాగయ్యగారు పోతన. 1947లో అదే నాగయ్యగారితో ‘యోగి వేమన’. డబ్బు లెక్కలో వేమన పోతనకు సాటి రాలేదు. మాలో పెద్దవారు మాత్రం నాగయ్యగారి జీవితంలోకెల్లా గొప్ప నటన వేమనదేనంటారు. మేమూ చూసి ఒప్పుకున్నాము. 1949లో ‘గుణసుందరి కథ’ వచ్చింది. షేక్స్పియరు వ్రాసిన లియర్ రాజు, ముగ్గురు కూతుళ్ళ కథను మన పల్లెల్లో అవ్వ చెప్పే కథలా మార్చారు. దానితో పింగళి నాగేంద్రరావుగారి కలం ఆయనకు తోడైంది. ఆ జోడీ ఇక ఎంత దూరం వెళ్ళిందో మనకు తెలుసు.

1951లో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థకు ‘పాతాళభైరవి’ తీశారు. తోటరాముడుగా ఎన్.టి. రామారావుగారు, నేపాళ మాంత్రికుడుగా ఎస్.వి. రంగారావుగారు. వీరిద్దరూ పెద్ద తారలైనది ఈ బొమ్మతోనే. 1952లో మనదేశంలో మొదటిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఇది ప్రదర్శితమైంది.

1954 నాటి ‘పెద్దమనుషులు’ గురించి మా సూపరింటెండెంటుగారి పక్షాన రెండు మాటలు చెప్పవలె. నార్వే నాటకకర్త ఇబ్సెన్ నాటకం ఆధారంగా డి.వి. నరసరాజుగారి మాటలతో తీసిన బొమ్మ. ఊరికి మునిసిపల్ ఛైర్మను, పైకి ధర్మాత్ముడు, లోపల దొంగ లెక్కలు. నిజం పలికేది ఊరంతా పిచ్చివాడనుకునే తిక్క శంకరయ్య, అంటే రేలంగి. ఆ ఏటి తెలుగు బొమ్మలలో దీనికి రాష్ట్రపతి రజత పతకం దక్కింది. మాయలూ మంత్రాలూ తీసే మనిషని రెడ్డిగారిని తలచేవారు దీన్ని చూడాలి. కల్లలెక్క అంటే కాషియరుకు ఎంత మంటో ఇందులో కనబడుతుంది. మరుసటి ఏడు ‘దొంగరాముడు’. అన్నపూర్ణా వారి మొదటి బొమ్మ అది. రెడ్డిగారికి తీరిక దొరికేదాకా వారు కాచుకుని ఉండి, ఆయనచేతనే తీయించుకున్నారు.

ఇక 1957, ‘మాయాబజార్’. శ్రీకృష్ణుడుగా రామారావుగారిని అంతకుముందు ఒక బొమ్మలో జనం ఒప్పుకోలేదు. రెడ్డిగారు ఆయనే కావాలన్నారు. అప్పటినుంచి తెలుగువాడు కళ్ళు మూసుకుంటే కృష్ణుడికి ఆ ముఖమే. ఖర్చు లెక్క చూసి ఒక దశలో విజయావారే వెనుకాడారు. కాషియరుగా బ్రతుకు మొదలుపెట్టిన మనిషి ఆనాడు ఖర్చు పెట్టించే పక్షాన నిలబడవలసి వచ్చింది. మార్కస్ బార్ట్లేగారు కెమెరాతో వెన్నెల పుట్టించారు. రాజేశ్వరరావుగారు కొన్ని వరుసలు కట్టి తప్పుకుంటే, మిగిలినవి ఘంటసాలగారు పూర్తిచేశారు. మొత్తం పాండవుల ఇంటి పెళ్ళి కథే. కాని పాండవులు ఒక్కరూ తెర మీదికి రారు. ఇది మా పిల్లల్లో ఒకరు చెప్పేదాకా మాకెవరికీ తట్టలేదు. మూత తీస్తే ప్రియమైనవారు కనబడే ప్రియదర్శిని పేటికను చూసి, తాతయ్యతో ఫోనులో మాట్లాడేటట్టే ఉందని ఆ పిల్లే అన్నది. 2010లో ఈ బొమ్మకు రంగులు వేసి విడుదల చేశారు. 2013లో భారతీయ సినీమాకు నూరేళ్ళు నిండిన సందర్భాన ఒక టెలివిజను వారు వోట్లు పెడితే, దేశం మొత్తం మీద మొదటి స్థానం మాయాబజార్‌కే వచ్చింది. మా ఎనిమిది కాగితాల తీర్పే దేశానిదీ అయింది.

1958లో ‘పెళ్ళినాటి ప్రమాణాలు’. 1961లో ‘జగదేకవీరుని కథ’. దీని కథానాయిక మన బెంగుళూరు ఆడపడుచు బి. సరోజాదేవిగారు. 2025 జూలైలో ఆమె ఈ ఊళ్ళోనే కన్నుమూసినప్పుడు మా ఇళ్ళన్నిటా ఆ రాత్రి ఈ బొమ్మే నడిచింది. 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’. రామారావుగారు, నాగేశ్వరరావుగారు ఎదురెదురు నిలబడిన బొమ్మ. సుభద్ర పాత్ర మళ్ళీ సరోజాదేవిగారిదే. అక్కడికి రెడ్డిగారి పుస్తకంలో జమ వైపు నిండుగా ఉంది.

1965లో లెక్క తిరగబడింది. ఆ ఏడు విజయావారి సంస్థలో హరిశ్చంద్రుని కథ రెండు భాషల్లో తయారైంది. తెలుగుదానికి రెడ్డిగారే దర్శకులు. రామారావుగారు, ఎస్. వరలక్ష్మిగారు నటించారు. కన్నడదానికి రెడ్డిగారు నిర్మాత, హుణసూరు కృష్ణమూర్తిగారు దర్శకులు. రాజ్‌కుమార్‌గారు, పండరీబాయిగారు నటించారు. రెండింటికీ సంగీతం పెండ్యాలవారిదే. తెలుగుది పడిపోయింది. కన్నడది నిలిచింది, ఎంతగా అంటే 2008లో రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. కులంలో ఎక్కువేది తక్కువేది అని అడిగే ఒక పాట అందులో ఉంది. మా కన్నడ మిత్రుడు దాన్ని ఫైళ్ళు సర్దుతూ రోజూ కూనిరాగం తీస్తాడు. పాడింది మన ఘంటసాలగారని చెబితే మొదట నమ్మలేదు.

ఒకే కథ, ఒకే సంస్థ, ఒకే సంగీతం. మరి తేడా ఎక్కడ? ఇద్దరిళ్ళలో రెండు ఆదివారాలు కూర్చుని రెండూ చూశాము. మాకు తోచింది ఇది. తెలుగువాడు హరిశ్చంద్రుణ్ణి చూడకముందే విని ఉన్నాడు. బలిజేపల్లివారి నాటకం, అందులో కాటిసీనులో పాడే జాషువాగారి పద్యాలు ఊరూరా మారుమోగిన కాలం అది. 1956లో రంగారావుగారితో ఒక బొమ్మ కూడా వచ్చి ఉంది. తెల్లవార్లూ నేల మీద కూర్చుని, నచ్చిన పద్యానికి ఒన్స్ మోర్ కొట్టి మళ్ళీ పాడించుకున్న జనం, గడియారం పెట్టి కొలిచిన హరిశ్చంద్రుడితో తృప్తి పడలేదు. మాయాబజార్‌ను గెలిపించిన కొలతే ఇక్కడ అడ్డం వచ్చిందని మా అనుమానం. సూపరింటెండెంటుగారు దీనికి ఒప్పుకోరు. బొమ్మే నీరసంగా ఉందంటారు.

ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ. 1968లో ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’, ‘భాగ్యచక్రం’ రెండూ ఆడలేదు. కాలం మారింది, జనం రంగుల బొమ్మల వైపు తిరుగుతున్నారు. మాయాబజార్ తీసిన మనిషి చేతిలో పని లేక కూర్చున్నారు. ఈ మూడేళ్ళ సంగతి మాకు అన్నిటికంటె బాధ కలిగించింది. పదేళ్ళనాడు ఆయన తీరిక కోసం సంస్థలు కాచుకుని ఉండేవి. ఇప్పుడు తీరికంతా ఆయనదే. 1971లో రామారావుగారు తమ సంస్థ తరఫున పిలిచి ‘శ్రీకృష్ణసత్య’ తీయించారు. తనను కృష్ణుణ్ణి చేసినవారికి కృష్ణుడి కథతోనే తిరిగి పని ఇచ్చారు. బాకీ తీర్చడమంటే అదీ. ఆ బొమ్మే చివరిది. 1972 సెప్టెంబరు 15న రెడ్డిగారు మద్రాసులో మరణించారు. వయస్సు అరవై. బొమ్మలు పద్నాలుగు.

పని మాత్రం ఆయనతో పోలేదు. మాయాబజార్ నాటినుంచి ఆయన దగ్గర సహాయకులుగా ఉండి నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావుగారు 1982లో రాజ్‌కుమార్‌గారితో కన్నడంలో ‘హాలు జేను’, ‘చలిసువ మోడగళు’ తీశారు. 1987లో మాటలే లేని ‘పుష్పక విమాన’ను మన బెంగుళూరులోనే, ఇక్కడి హోటల్లో, ఇక్కడి వీధుల్లో తీశారు. ఒక్క మాట లేకుండా రెండు గంటలు కథ నడవాలంటే ప్రతి దృశ్యం ముందే కొలిచి పెట్టుకోక తప్పదు. ఆ కొలత ఎవరి దగ్గర నేర్చారో మా కన్నడ మిత్రుడికి మేము చెప్పాము.

ఈ ఏటి కాగితాలు పోయిన వారమే వ్రాశాము. మొదటి స్థానం మారలేదు. సత్య హరిశ్చంద్ర మాత్రం ఒక కాగితంలో ఏడవ స్థానానికి, రెండు కాగితాల్లో తొమ్మిదికి వచ్చింది. సూపరింటెండెంటుగారి కాగితంలో ఇంకా పదమూడే. కన్నడ మిత్రుణ్ణి కూడా ఒక కాగితం వ్రాయమన్నాము. పండుగ నాటి సాయంత్రం బొబ్బట్లు మావి, హోళిగె వాళ్ళది, హరిశ్చంద్రులు ఇద్దరూ వస్తారు. ముందు ఏ భాషది పెట్టాలో ఇంకా తేలలేదు.