రోగి మంచం పక్కన పాఠం చెప్పిన డాక్టర్ లారీ

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో అయినవారి కోసం వార్డు బయట కూర్చున్న కుటుంబాలకు ఒక దృశ్యం బాగా పరిచయం. ఉదయం పూట ఒక పెద్ద డాక్టరు ముందు నడుస్తూ ఉంటారు. వెనుక పది పదిహేనుమంది యువ డాక్టర్లు, విద్యార్థులు కేసు షీట్లు పట్టుకుని మంచం మంచానికీ తిరుగుతారు. పెద్ద డాక్టరు రోగి నాడి చూస్తారు, పొట్ట నొక్కి చూస్తారు, వెంటనే వెనుక ఉన్నవారిలో ఒకరిని ప్రశ్న అడుగుతారు. మన మనిషిని ఇంతమంది చూడటం ఎందుకని మనలో కొందరికి కష్టంగా కూడా తోస్తుంది.

1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి ఎంజీఎం బోధనాసుపత్రి. అంటే ఆ పెద్ద డాక్టరు వైద్యుడూ, ఉస్తాదూ కూడా. ఇటువంటివారినే క్లినికల్ ప్రొఫెసర్లు అంటారు. క్లినికల్ అనే మాటకు మూలం మంచం అనే అర్థమున్న గ్రీకు పదం. తరగతి గదిలో పుస్తకం తెరిచి చెప్పేది ఒక పాఠమైతే, రోగి మంచం దగ్గర నిలబడి చెప్పేది ఇంకొక పాఠం. ఈ రెండోది రాని వైద్యుడికి మొదటిది ఎంత వచ్చినా లాభం లేదు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. పదకొండు వందల ఏళ్ళ క్రితం రయ్, బాగ్దాద్ నగరాల బీమారిస్తాన్లలో అబూబక్ర్ ముహమ్మద్ అల్ రాజీ తన షాగిర్దులను వరుసలుగా కూర్చోబెట్టేవారని చరిత్రకారులు రాశారు. వచ్చిన రోగిని ముందు కొత్తవారు పరీక్షించేవారు. వారికి అంతు చిక్కకపోతే అనుభవమున్నవారి దగ్గరకు, వారికీ తెలియకపోతే చివరికి ఉస్తాదు దగ్గరకు రోగి చేరేవాడు. మన తెలుగు నేల మీద ఆధునిక వైద్యంలో ఇటువంటి బోధనకు పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఆయన గొప్పదనం నుంచి ఎంత నేర్చుకోవచ్చునో, ఆయన పొరపాట్ల నుంచీ అంతే నేర్చుకోవచ్చు. అందుకే ఈ వారం ఆయన జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఎడింబరో నుంచి హైదరాబాద్‌కు

లారీ 1846లో జన్మించారు. వైద్యం చదివింది స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో. ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయంలో జేమ్స్ సైమ్ క్లినికల్ సర్జరీ ఆచార్యుడు. ఆపరేషన్ చేసేటప్పుడు పుండు కుళ్ళకుండా కాపాడే మందుల చరిత్రలో ప్రసిద్ధుడైన లిస్టర్ ఈ సైమ్‌కు అల్లుడే. మాటల్లో పొదుపు, చేతిలో నైపుణ్యం సైమ్‌కు పెట్టింది పేరు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి నాడిని పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరిని గమనించండి అన్నది ఆయన శిష్యులకు నేర్పిన సూత్రం. ఈ ఒక్క సూత్రాన్ని లారీ జీవితమంతా వదల్లేదు.

ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, లాహోర్ మెడికల్ స్కూల్లో శస్త్రచికిత్స బోధించిన తర్వాత 1885లో లారీ హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చారు. దానితోపాటు అఫ్జల్‌గంజ్ దవాఖానా, హైదరాబాద్ మెడికల్ స్కూల్ బాధ్యతలు కూడా ఆయన చేతికి వచ్చాయి. ఈ స్కూలు 1846లో నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో ప్రారంభమైంది. మొదట్లో అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. చదువు ముగించినవారికి హకీమ్ అనే పట్టా ఇచ్చేవారు. పాశ్చాత్య వైద్యాన్ని ఈ దేశపు భాషలో నేర్పిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి. 1880ల మధ్యలో బోధన ఇంగ్లీషులోకి మారింది. పట్టా పేరు మాత్రం హకీమ్‌గానే కొనసాగింది.

లారీ వచ్చిన సంవత్సరమే ఈ స్కూల్లో ఆడపిల్లలకు కూడా ప్రవేశం లభించింది. అలా చేరినవారిలో పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1889లో ఆమె హకీమ్ పట్టా అందుకున్నారు. ఆపరేషన్ సమయంలో రోగులకు క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా ఎంతోమంది ఈమెనే పేర్కొంటారు. డాక్టర్ అబ్దుల్ హుసేన్ కూడా లారీ దగ్గర పనిచేసినవారే. నిజాం ఆయనకు అరస్తూ యార్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. అరస్తూ అంటే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్.

అఫ్జల్‌గంజ్ దవాఖానాలో విద్యార్థులు దూరంగా నిలబడి చూసేవారు మాత్రమే కాదు. ఉస్తాదు కత్తి పట్టుకుంటే, రోగికి మత్తు ఇచ్చే పని విద్యార్థుల చేతుల్లో ఉండేది. వారి దృష్టి రోగి రొమ్ము మీద నుంచి మళ్ళకుండా చూడటం లారీ పని. ఒక ప్రాణాన్ని షాగిర్దు చేతికి అప్పగించి, దాని పూర్తి బాధ్యత తన నెత్తిన పెట్టుకోవడం అందరు ఉపాధ్యాయులకూ సాధ్యమయ్యేది కాదు.

క్లోరోఫాం మీద వివాదం

1847 నవంబరులో ఎడింబరో ఆచార్యుడు సింప్సన్ క్లోరోఫాంను ప్రచారంలోకి తెచ్చారు. నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయవచ్చునన్న సంతోషం మూడు నెలలు కూడా నిలవలేదు. 1848 జనవరిలో ఇంగ్లాండులో పదిహేనేళ్ళ హానా గ్రీనర్ అనే అమ్మాయి కాలిగోరు తీయించుకోవడానికి వెళ్ళి, క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాల్లో కన్నుమూసింది. ఆ తర్వాత కూడా అక్కడక్కడా ఇటువంటి మరణాలు సంభవిస్తూ వచ్చాయి. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది పెద్ద ప్రశ్న అయింది. ముందు గుండె ఆగేటట్లయితే నాడిని చూడాలి. ముందు ఊపిరి ఆగేటట్లయితే శ్వాసను చూడాలి. ఎటు చూడాలో తెలియకపోతే రోగి ప్రాణం దక్కదు. కనుక ఇది పండితుల వాదం అని కొట్టివేయదగ్గది కాదు.

తన గురువు చెప్పిందే నిజమని నిరూపించడానికి లారీ పూనుకున్నారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించింది. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. నూటికి పైగా వీధికుక్కల మీద ప్రయోగాలు జరిపి, ఊపిరే ముందు ఆగుతుందని ఆ కమిషన్ తేల్చింది. 1889 ఆరంభంలో మెడికల్ స్కూలు బహుమతుల సభకు వచ్చిన కన్నాట్ ప్రభువు ముందు లారీ ఈ ఫలితాన్ని ప్రకటించారు. లండన్ నుంచి వెలువడే లాన్సెట్ వైద్యపత్రిక దీన్ని నమ్మలేదు. అయితే మీరే ఒక నిపుణుణ్ణి పంపించండి, ఖర్చులకు వెయ్యి పౌన్లు ఇస్తామని నిజాం ప్రభుత్వం కబురు చేసింది. లాన్సెట్ పక్షాన లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు హైదరాబాద్ వచ్చారు. ఆయనకు కూడా ముందు గుండె ఆగవచ్చునన్న అభిప్రాయమే ఉండేది.

1889 చివరి నెలల్లో జరిగిన రెండో కమిషన్‌కు లారీ అధ్యక్షుడు. బ్రంటన్, బాంఫర్డ్, రుస్తంజీ సభ్యులు. ఈసారి కుక్కలతోపాటు కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కూడా వందల సంఖ్యలో ప్రయోగాలకు బలి అయ్యాయి. రక్తపు ఒత్తిడిని గీతలుగా నమోదు చేసే యంత్రాలు వాడారు. చివరికి బ్రంటన్ కూడా లారీ వైపే మొగ్గారు. నిజాం రాజధానిలో జరిగిన పరిశోధన గురించి యూరప్, అమెరికా వైద్యులు చర్చించుకున్నారు. ఈ గడ్డకు అది చిన్న గౌరవం కాదు.

కమిషన్ ఇచ్చిన ఆచరణాత్మక సూచనలు ఈనాడు చదివినా తెలివైనవే. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ, రొమ్ము, పొట్టల మీద బిగుతు బట్టలు ఉండకూడదు. ఊపిరికి ఎక్కడా అడ్డు రాకుండా చూడాలి. శ్వాస తడబడితే కింది దవడను ముందుకు తేవాలి, నాలుకను బయటకు లాగాలి, శ్వాస ఆగితే క్షణం ఆలస్యం లేకుండా కృత్రిమ శ్వాస అందించాలి. దవడను ముందుకు తెచ్చి గాలిదారి తెరవడం ఈనాటి మత్తు డాక్టర్లు కూడా మొదట నేర్చుకునే పాఠమే.

ఉస్తాదు పొరపడిన చోట

అయితే గుండెకు ఏ ప్రమాదమూ లేదన్న ప్రధాన నిర్ణయం నిలవలేదు. కొద్దికాలానికే బ్రిటన్‌లోని శరీరధర్మ శాస్త్రజ్ఞులు క్లోరోఫాం గుండెను కూడా బలహీనపరుస్తుందని చూపించారు. లారీ ఒప్పుకోలేదు. వాదిస్తూనే పోయారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే లండన్ వైద్యుడు పిల్లులపై చేసిన ప్రయోగాలతో అసలు చిక్కు వీడింది. తక్కువ మోతాదులో, సగం మత్తులో ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె క్రమం తప్పి కొట్టుకుని ఒక్కసారిగా ఆగిపోగలదని ఆయన నిరూపించారు.

అడ్రినలిన్ అంటే భయపడినప్పుడు మన శరీరంలోనే ఊరే పదార్థం. హైదరాబాద్‌లో జంతువులకు నిండుగా మత్తు ఎక్కించి పరీక్షించారు. ఎక్కువ మోతాదు మత్తులో ఊపిరి ముందు ఆగడం నిజమే. కానీ ఆస్పత్రిలో చనిపోయినవారిలో ఎందరో మత్తు ఇంకా సరిగా ఎక్కకముందే, భయంతో వణుకుతున్న సమయంలో చనిపోయినవారు. కమిషన్ కళ్ళారా చూసింది అబద్ధం కాదు. చూడనిదాన్ని లేదని చెప్పడమే పొరపాటు.

మరి లారీ దవాఖానాలో వేలమందికి క్లోరోఫాం క్షేమంగా ఎలా అందింది? అనుభవమున్న చేతులు, ధారాళమైన గాలి, రెప్పవేయని కాపలా ఇందుకు కారణమని మేము భావిస్తున్నాము. సిద్ధాంతంలో లోపమున్నా శిక్షణలో శ్రద్ధ ఉంటే ప్రాణాలు నిలుస్తాయి. కానీ ఆ శిక్షణ లేని మరొక ఊరి వైద్యుడు, గుండెను చూడనక్కరలేదన్న మాటను మాత్రమే పట్టుకుంటే ఏమవుతుంది? పేరున్న ఆచార్యుడి పొరపాటు ఆయన వార్డుతో ఆగిపోదు. ఆయన పేరు వెళ్ళినంత దూరం అదీ వెళుతుంది.

మలేరియా విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ మలేరియా రోగి రక్తంలో ఆ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నారు. లారీ దాన్ని నమ్మలేదు. సూక్ష్మదర్శినిలో కనబడేది పరాన్నజీవి కాదు, మార్పు చెందిన రక్తకణమేనని వాదించారు. అదే కాలంలో హుసేన్‌సాగర్ అవతల సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమల పొట్టలు కోసి చూస్తూ కూర్చున్నారు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో ఆ పరాన్నజీవి జాడ ఆయనకు దొరికింది. 1902లో రాస్‌కు, 1907లో లావెరాన్‌కు నోబెల్ బహుమతులు లభించాయి. రోగి దగ్గర కళ్ళు తెరిచి చూడమని వందలమందికి నేర్పిన ఉస్తాదు, పక్క ఊళ్ళో దొరికిన సత్యానికి కళ్ళు మూసుకున్నారు.

మిగిలిన వారసత్వం

1901లో లారీ ఉద్యోగ విరమణ చేశారు. క్లోరోఫాం మీద విద్యార్థుల కోసం రాసిన ఆయన పుస్తకం ఆ సంవత్సరమే వెలువడింది. 1915లో ఆయన కన్నుమూశారు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద అఫ్జల్‌గంజ్ దవాఖానాను ధ్వంసం చేసింది. తర్వాత ఆ నదీ తీరంలోనే ఉస్మానియా ఆస్పత్రి వెలిసింది. మెడికల్ స్కూలు ఉస్మానియా మెడికల్ కాలేజీగా ఎదిగింది. దానికి తమ్ముడి వంటిదిగా వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది. రూపాబాయి 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు నేర్చుకుని వచ్చారు. మత్తు ఇవ్వడంలో అంత పేరు వచ్చాక కూడా మళ్ళీ విద్యార్థినిగా బల్ల మీద కూర్చోవడానికి ఆమె సిగ్గుపడలేదు. లారీ శిష్యుల్లో మనకు ఎక్కువ నచ్చే గుణం ఇదే.

కమిషన్ పేరిట బలైన మూగజీవాలను కూడా మనం తలచుకోవాలి. ఈనాడు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన సంఘం నియమాలకు లోబడి, అనుమతి తీసుకున్నాకే జంతువుల మీద ప్రయోగాలు చేయాలి. వరంగల్ దగ్గర మామునూరులో ఇప్పుడు పశువైద్య కళాశాల ఉంది. అక్కడి ఆచార్యులు కూడా జబ్బుపడిన గేదె పక్కన, మేక పక్కన నిలబడే పాఠం చెప్పాలి. నోరులేని రోగి తన బాధ చెప్పుకోలేదు. కనుక చూసే కన్ను, తాకే చెయ్యి అక్కడ ఇంకా ముఖ్యం.

మన ఇళ్ళలో పిల్లలు డాక్టర్లు కావాలని కోరుకోని తల్లిదండ్రులు అరుదు. సొంత నర్సింగ్ హోమ్ గురించి కలలు కంటాము గాని, ప్రభుత్వ కాలేజీలో పాఠం చెప్పే డాక్టరు కావాలని దువా చేసేవారు తక్కువ. ప్రాక్టీసు పెట్టిన డాక్టరు తన దగ్గరకు వచ్చినవారిని బాగుచేస్తాడు. పాఠం చెప్పే డాక్టరు, తాను ఎన్నడూ చూడని ఊళ్ళలోని రోగులను కూడా తన శిష్యుల చేతుల ద్వారా తాకుతాడు. అందుకే ఆయన మంచి కూడా పెద్దది, తప్పు కూడా పెద్దదే.

వార్డులో పాఠానికి రోగి ఒప్పుకోవడం సమాజానికి అతడు చేసే మేలు. అతడి అనుమతి అడగడం, అతడి పరువు కాపాడటం, అతడి భయం పోగొట్టడం ప్రొఫెసర్ల విధి. ఆ భయానికి గుండెను ఆపే శక్తి ఉందని 1911లోనే తేలింది కదా. ఇక విద్యార్థులకు మేము చెప్పదలచింది ఒకటే. ఉస్తాదుకు అదబ్ చూపండి, ఆయన నేర్పిన శ్రద్ధను జీవితమంతా వదలకండి. కానీ రోగి శరీరం ఒకటి చెబుతూ ఉస్తాదు మాట ఇంకొకటి చెబితే, మర్యాదగానే అయినా ఆ మాట ఆయన ముందు ఉంచండి. మంచి ఉస్తాదు దానికి కోప్పడడు.